నాన్నమ్మకు మతి తప్పాలి

"మీ అమ్మకి మతి సరిగ్గా లేదని డాక్టరు ఒక్క ముక్క రాసిస్తే చాలంట. ఒక్క ముక్క! దానికి నీకంత రోషం దేనికి?"

ఫిలొమేనా గరిటెను బల్ల మీద పడేసి మొగుడి మొహంలోకి చూసింది. కానియో ఆమె వైపు చూడలేదు. పళ్లెంలో పాస్తాని ఫోర్కుతో అటూ ఇటూ తోస్తూ కూచున్నాడు. పైన వేసిన వేయించిన ఎండుమిరపకాయలు మెత్తబడిపోయాయి. అవి కరకరలాడుతుండగానే తినకపోతే ఊరుకోని మనిషి, ఇవాళ వాటి వంక కూడా చూడలేదు.

"మా అమ్మకి మతి లేదా? పొద్దున సంతలో టమాటాలవాడు తూకంలో దగా చేశాడని మళ్ళీ వెళ్ళి, వాడి చేతే ఇంకో నాలుగు వేయించుకొచ్చింది. ఆ మనిషికి మతి లేదని నేను కాయితం రాయించాలా?"

"రాయించాలి. నీకు కూతురు కావాలా, మీ అమ్మ పరువు కావాలా?"

"ఇద్దర్నీ తక్కెట్లో పెట్టి అడుగుతావేంటే!"

"పెట్టింది నేను కాదు. గంట తీగ పీకినావిడ పెట్టింది."

బల్లకు ఆ చివర కూచున్న తెలెస్కా గొంతు సవరించుకున్నాడు. ఆయన వాళ్ళ కూతురు, పరుగు పందేల దొనాతాకు కోచ్. ఒకప్పుడు ఆమె బళ్ళో వ్యాయామం మాస్టారు. ఫెర్రందీనా ఊరు ఊరంతా ఆయన్ని ప్రొఫెసరు గారనే పిలుస్తుంది. ఆయన వచ్చి గంట దాటినా గ్లాసులో వైను పోసిన పాపాన ఎవరూ పోలేదు. ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో చెప్పడానికి అదొక్కటి చాలు.

"కోపాలు తర్వాత పడదాం" అన్నాడాయన. "డోపింగ్ వాళ్ళ విచారణ వచ్చే వారమే. విమానం రద్దయి మొదటి తప్పు పడింది. కొండల మీద శిబిరానికి వెళ్ళి, చోటు మారిందని చెప్పడం మరిచిపోయి రెండోది పడింది. ఆ రెంటికీ మనం ఒప్పేసుకున్నాం. ఈ మూడోది కూడా నిలబడితే రెండేళ్ళ నిషేధం. పిల్లకి ముప్ఫై మూడొచ్చాయి. రెండేళ్ళు ట్రాకు ఎక్కకపోతే ఆ తర్వాత ఎక్కేదేంటి? పోలీసు దళం వాళ్ళయినా ఎంతకాలం ఉంచుకుంటారు? వాళ్ళు యూనిఫాం ఇచ్చింది పరుగెత్తినందుకేగా."

"అసలు మీరు పొద్దున్న ఆరింటికని పెట్టించి ఉంటే ఈ గొడవే లేదు" అన్నాడు కానియో.

"నేనా?"

"మరి? లోకంలో ప్రతి అథ్లెటూ పరీక్షలవాళ్ళకి పొద్దున్న మంచం మీదుండే గంటే చెబుతాడంట. మా పిల్ల మాత్రం ఊరంతా గుర్రు కొట్టే మధ్యాహ్నం మూడు చెప్పింది. ఎందుకూ? పొద్దున్నే ఎండెక్కకముందే లోయ రోడ్డు మీద ఉండాలన్నారు మీరు."

తెలెస్కా ఖాళీ గ్లాసును పక్కకు జరిపాడు. ఆ మాట నిజమే.

డోపింగ్ పరీక్షలవాళ్ళు చెప్పి రారు. రోజుకొక గంట ఎక్కడుంటావో ముందే చెప్పాలి, ఆ గంటలో వాళ్ళు వచ్చి తలుపు కొడితే తియ్యాలి. తియ్యకపోతే తప్పు పడుతుంది. ఆ వేళ వచ్చినావిడ సంచీ భుజాన వేసుకుని ఎండలో గంటసేపు నిలబడి తలుపు గంట నొక్కుతూనే ఉందట. ఎదురింటి అసుంతా కిటికీ రెక్కల సందులోంచి అంతా చూసింది. చూసి, కరెంటు కంపెనీ మార్చుకోమని పోరే మనిషేమో అనుకుని, తన గంట ఎక్కడ నొక్కుతుందోనని కిక్కురుమనకుండా మంచం మీదికి చేరింది. ఇప్పుడు ఎదురుపడిన ప్రతివాళ్ళ దగ్గరా కళ్ళొత్తుకుంటోంది.

గంట మోగలేదు. మోగడానికి దాని తీగ ఊడి ఉంది. కానియో తండ్రి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు చేసి మధ్యాహ్నాలు పడుకునే రోజుల్లో, భోజనాలు కాగానే వంటింటి గుమ్మం మీదున్న ఆ తీగ పీకెయ్యడం పెద్దావిడ బ్రిజిదాకు అలవాటు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా చెయ్యి ఊరుకునేది కాదు. దొనాతా ఈ గంట పద్ధతి మొదలుపెట్టాక ఇంట్లో అందరూ కలిసి ఆమెతో ఒట్టు పెట్టించారు, ఇక తీగ ముట్టనని. ఎవరు పీకారని అడిగితే "నేనే" అని పెద్దావిడ వెంటనే ఒప్పుకుంది. అక్కడితో ఇంట్లో మాటలు పోయి అరుపులు మిగిలాయి.

"వకీలు చెప్పేది ఒకటే" అన్నాడు తెలెస్కా. "ఇంట్లో మతి తప్పిన మనిషి ఒకరున్నారు, తను చేసేదేంటో తనకే తెలీదు, తీగ పీకిన సంగతి దొనాతాకి తెలిసే వీలే లేదు. అలా రుజువైతే పిల్ల అశ్రద్ధ ఏమీ లేదని తేలుతుంది. మూడోది కొట్టేస్తారు. ఇది తప్ప ఇంకో దారి లేదు. ఉంటే చెప్పండి, నేను మోకాళ్ళ మీద కూచుని వింటాను."

కానియో ఫోర్కు పక్కన పెట్టాడు.

దొనాతా కిటికీ పక్కన కూచుని నారింజ ఒలుస్తోంది. ఈ వారం రోజులుగా ఆమె ఏడవలేదు, అరవలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి బూట్లు వేసుకుని వెళ్ళి పరుగెత్తి వచ్చేది. వచ్చి మడమ దగ్గర ఐసు పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూచునేది. పిల్ల లోపల్లోపలే కుమిలిపోతోందని ఫిలొమేనా అనుకునేది. ఆ తల్లికి తెలిసిన వైద్యాలు రెండే. ఒకటి తిండి పెట్టడం, రెండోది కాళ్ళకు నూనె రాయడం. ఆ రెండూ ఇప్పుడు దేనికీ పనికిరాలేదు.

"నాన్నమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొద్దు" అంది దొనాతా నారింజ మీంచి కళ్ళెత్తకుండా.

"ఎందుకే?"

"వద్దంటే వద్దమ్మా."

"నీ మంచితనమే నీ కొంప ముంచుతోంది. ఆవిడ పీకితే నువ్వు మునగాలా?"

దొనాతా తొనలు విడదీసి పళ్లెంలో వరసగా పేర్చింది. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. కాసేపటికి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

"చూశారా?" అన్నాడు కానియో, ఎవరితోనో తెలీకుండా. "నేను బస్సు నడిపే రోజుల్లో, నా బస్సు ఆ వంకర రోడ్డంతా తిరిగి ఊరి పైకొచ్చేసరికి, ఇది మెట్లదారిన అడ్డంపడి పరుగెత్తుకొచ్చి స్టాండులో నిలబడి నవ్వేది. ప్రయాణికులు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ పిల్లని ఇలా చూడలేను నేను."

"అయితే మీ అమ్మతో మాట్లాడు."

"నా వల్ల కాదు. నువ్వు మాట్లాడు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట కష్టమైన పనులన్నీ ఇలాగే ఫిలొమేనా వాటాకు వచ్చాయి.

*

బ్రిజిదా బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బాకలా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. నల్ల గౌను, నల్ల స్వెట్టరు. మొగుడు పోయిన నాటి నుంచి వేరే రంగు ఒంటి మీద పడనివ్వలేదు. కోడలు వచ్చి పక్కన నిలబడితే తలెత్తకుండా అంది.

"నిలబడ్డం దేనికి? గింజలు వొలువు. చెప్పాల్సింది చేతులు ఆడిస్తూ కూడా చెప్పొచ్చు."

ఫిలొమేనా స్టూలు లాక్కుని కూచుంది. ఒక కాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది.

"అత్తయ్యా, మీరేమీ అనుకోకపోతే..."

"అనుకోవడానికేముంది, అరిచి మరీ చెప్పుకున్నారుగా. తలుపు ఉంది గానీ దానికి చెవులు మూయడం రాదు. నాకు మతి తప్పాలి. అంతేగా?"

ఫిలొమేనా చేతిలోని కాయ ఒళ్ళో పెట్టుకుంది. ఈ అత్తగారు తనను ఏడిపించిన రోజులు లెక్కలేనన్ని ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఉప్పు ఎక్కువైందని ఊరందరికీ చాటింది. అయినా ఇప్పుడు ఆ ముడతల చేతుల వంక చూస్తుంటే సిగ్గేసింది.

"పిల్ల కోసం అత్తయ్యా. ఒక్క రోజు. డాక్టరు ముందు కాసేపు."

"మతేరా పట్నంలో డాక్టరేనా?"

"అవును. ఆడమనిషే. నెమ్మదస్తురాలంట."

బ్రిజిదా గిన్నెలో గింజల్ని వేళ్ళతో కదిపింది.

"మా ఊరి ఆడవాళ్ళు నన్ను దొంగంటే ఊరుకుంటాను, గయ్యాళంటే ఊరుకుంటాను. ఇప్పటిదాకా ఎవరూ పిచ్చిదన్లేదు. సరే. ఆ పిల్ల పరుగు ఆగకూడదంటే ఈ ముసల్దాని బుర్ర పోతే మాత్రమేం? ఏం చెప్పాలో నేర్పు."

అలా ఆ సాయంత్రం వంటింట్లో ఒక వింత బడి నడిచింది. ఫిలొమేనా డాక్టరు, బ్రిజిదా రోగి.

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారం. ఇంకా నన్ను చర్చికి తీసుకెళ్ళలేదేం, పాపిష్టిదానా?"

"తిట్టకూడదు అత్తయ్యా."

"మతి లేనివాళ్ళు తిట్టరా? మా పెద్దత్త చివర్లో పాదిరీనే తిట్టింది."

"మీరెక్కడున్నారు?"

"రోములో. పోపుగారు లేచారా?"

"మరీ అంతొద్దు!"

ఫిలొమేనాకు నవ్వాగలేదు. వారం తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే. అత్తాకోడళ్ళిద్దరూ చేతిరుమాళ్ళు నోట్లో కుక్కుకున్నంత పని చేశారు. అంతలో గుమ్మంలో దొనాతా నిలబడి ఉండటం ఫిలొమేనా చూసింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"నాన్నమ్మా, నీకిది చెయ్యాల్సిన అవసరం లేదు."

"పో, పోయి కాళ్ళు చాపుకుని పడుకో. ఇది మా ఇద్దరి పని."

"నిజంగా చెబుతున్నా. నేను..."

"నువ్వేంటే?" అంది తల్లి.

దొనాతా నోరు తెరిచింది. వెనక గదిలోంచి కానియో ఫోనులో ఎవరికో చెబుతున్న మాటలు వినిపించాయి. "అయిపోతుందయ్యా, మా పిల్ల జూన్లో పరుగెత్తుతుంది. చౌరస్తాలో పిల్ల బొమ్మున్న ఆ బ్యానరు తియ్యొద్దని చెప్పు. తియ్యనివ్వకు." దొనాతా అటు చూసింది.

"ఏం లేదమ్మా" అని వెళ్ళిపోయింది.

తర్వాత ఎన్నోసార్లు ఫిలొమేనా ఆ క్షణాన్ని తలుచుకుని తనను తాను తిట్టుకుంది. అప్పుడే లేచి పిల్ల వెనకాల వెళ్ళి, తలుపు మూసి, ఏంటో చెప్పమని కూచోబెట్టి ఉంటే! కానీ పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఆమె గరిటె అందుకుంది.

*

డాక్టరమ్మ గది మేడ మీద ఉంది. కానియో లోపలికి రానన్నాడు. తన తల్లి పిచ్చిదానిలా మాట్లాడటం తన కళ్ళతో చూడలేనని కింద కారులోనే కూచున్నాడు. దొనాతా రాకపోతే తాను కదలనని బ్రిజిదా పట్టుబట్టింది. అందుకని మనవరాలు, కోడలు చెరో పక్కన కూచున్నారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. వకీలు రాసి పంపిన తీగ సంగతి చదివి, కళ్ళద్దాల వెనక నుంచి ఓపిగ్గా చూసింది.

"అమ్మమ్మగారూ, ఇవాళ ఏ వారం?"

"ఆదివారం" అంది బ్రిజిదా. నిజానికి మంగళవారం.

"మనం ఏ ఊళ్ళో ఉన్నాం?"

బ్రిజిదా కోడలి వైపు ఓరగా చూసి, పోపుగారి జోలికి పోకుండా "నేపుల్సు కదూ?" అంది.

ఫిలొమేనా ఊపిరి వదిలింది. డాక్టరమ్మ కాయితం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమంది. బ్రిజిదా తీరుబడిగా కోడిపెట్టను వేసింది, కింద గుడ్డుతో సహా. డాక్టరమ్మ పెదవి బిగించి ఏదో రాసుకుంది. అంతా కుదురుతోంది. మొక్కులు మరిచిపోయి చాలా కాలమైన ఫిలొమేనా ఒళ్ళో చేతులు జోడించి మడోన్నా మాతను తలుచుకుంది.

"సరే. ఈ పక్కన కూచున్న అమ్మాయి ఎవరో చెప్పగలరా?"

ఈ ప్రశ్న వస్తుందని ఫిలొమేనాకు తోచనే లేదు. వంటింటి బడిలో ఇది లేదు.

బ్రిజిదా మనవరాలి వైపు తిరిగింది. దొనాతా తల దించుకుని ఉంది. పెద్దావిడ పెదవులు కదిలాయి. 'తెలీదు' అంటే చాలు. ఎవరో పిల్ల అంటే చాలు. ఫిలొమేనా లోపల్లోపలే వేడుకుంటోంది, అనండి అత్తయ్యా, అనెయ్యండి.

"ఎవరో..." అంది బ్రిజిదా. ఆగింది. "ఎవరో..."

"తొందరేం లేదు."

"ఎవరో ఏంటమ్మా!" పెద్దావిడ ఒక్కసారిగా గొంతెత్తింది. "ఇది నా దొనాతా! మంచు కురుస్తున్న రోజున పుట్టింది, మంత్రసాని రాకముందే ఈ చేతులతో పట్టుకున్నా. నడక రాకముందే పరుగొచ్చింది దీనికి. జాతీయ పోటీల్లో మొదటి మలుపులో ఎవత్తో తోస్తే పడి, మోకాలు చిల్లుపడి రక్తం కారుతుంటే లేచి అందరికన్నా ముందొచ్చింది. ఒలింపిక్సుకి పెట్టె సర్దుకున్నాక మడమ నరం తెగితే, నా ఒళ్ళో తల పెట్టుకుని రెండు రోజులు పడుకుంది. దీన్నెవరో అననా? దీన్ని తెలీదనడానికి నాకు నోరెట్లా వస్తుందమ్మా? కావాలంటే నా పేరు నాకు తెలీదని రాసుకో. ఇది మాత్రం తెలుసు!"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

అయిపోయిందని ఫిలొమేనాకు అర్థమైంది. కోపం రావాలి. రాలేదు. అత్తగారి చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ, ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకున్న అలవాటు లేక ఊరుకుంది.

"ఇవాళ మంగళవారం" అంది బ్రిజిదా ముక్కు తుడుచుకుంటూ. "మతేరాలో ఉన్నాం. కోడిని కావాలని వేశాను."

"కోడి చాలా బాగుందమ్మమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. "అన్నీ ఇంత బాగా గుర్తున్నప్పుడు ఆ మధ్యాహ్నం తీగ ఎందుకు పీకారు? పరీక్షలవాళ్ళు వస్తారని తెలుసుగా?"

"నాన్నమ్మా, ఇక చాలు" అంది దొనాతా. "వెళ్దాం పద."

"ఉండవే, ఈవిడ మర్యాదగా అడుగుతోంది. ఇంట్లో అందరూ ఎవరు పీకారు, ఎవరు పీకారనే గానీ, ఎందుకు పీకావని ఒక్కళ్ళు అడిగారా?" బ్రిజిదా నిటారుగా కూచుంది. పిచ్చిదాని వేషం వేసినందుకు పోయిన మర్యాద తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల ఆ కూచోవడంలో కనిపించింది. "నేను ఊరికే పీకే మనిషినా? ఒట్టు వేశాక ఒక్కనాడైనా ముట్టానా? ఆ వేళ ఇది పరుగు నుంచి వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, 'నాన్నమ్మా, ఇవాళ ఆ తీగ తీసెయ్. ఎవరొచ్చినా లేపొద్దు' అంది. మళ్ళీ మళ్ళీ అంది. ఆ మొహం చూసి నేను..."

అప్పుడు ఆమె మనవరాలి వైపు చూసింది. చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పకూడనిది చెప్పానని ఆ ముసలి కళ్ళకు అప్పుడు అర్థమైంది.

వారం రోజులు ఆ పెద్దమనిషిని తిట్టారు, పళ్లెం ముందు నుంచి లేపారు, పిచ్చిదాన్ని చెయ్యడానికి ఇంత దూరం మోసుకొచ్చారు. వీళ్ళిద్దరూ ఒక్క మాట అనకుండా భరించారు.

"దొనా" అంది ఫిలొమేనా. "నిజమా?"

దొనాతా తల ఊపింది.

"నిద్రొచ్చిందా? అలిసిపోయావా? ఆ గంట సంగతి మరిచిపోయావు కదూ? మరిచిపోయానని చెప్పవే."

"మరిచిపోలేదమ్మా." చాలా రోజుల తర్వాత ఆ పిల్ల తల్లి కళ్ళలోకి నేరుగా చూసింది. "ప్రతి రోజూ ఎదురుచూస్తూనే ఉన్నా. వాళ్ళు ఆ రోజే రావాలని కోరుకున్నా. ఆపేస్తానని నాన్నతో చెప్పడం నా వల్ల కాలేదు. ఎవరైనా వచ్చి ఆపితే బాగుండుననిపించింది."

ఎన్ని జతల బూట్లు ఉతికింది తను! ఎన్నిసార్లు ఆ మడమకు నూనె రాసింది! ఇంకా పరుగెత్తాలని ఉందా అని ఒక్కసారైనా అడిగిందా? ఫిలొమేనా వెతుక్కుంది. అడిగిన రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

డాక్టరమ్మ కలం చేతిలో పట్టుకునే ఉంది. "నేను విన్నది విననట్టు రాయలేనమ్మా" అంది, క్షమించమన్నట్టు. "అలాగని ఇది నేను రాయాల్సిన విషయమో కాదో కూడా నాకు తెలియడం లేదు. మీరు ఇంట్లో మాట్లాడుకుని రండి. సాయంత్రం దాకా ఆగుతాను."

మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడయింది. ఆగలేక వచ్చేసినట్టున్నాడు, కానియో తలుపు కొట్టకుండానే లోపలికి తొంగిచూశాడు. చేతిలో ఫోను వెలుగుతోంది. ముందు తల్లి వైపు, తర్వాత కూతురి వైపు చూసి, తల్లి తడికళ్ళకు తనకు కావలసిన అర్థమే చెప్పుకున్నాడు.

"అయిపోయిందా? రాసిచ్చారా?" అన్నాడు, మొహమంతా ఆశతో. "ప్రొఫెసరు గారు లైన్లోనే ఉన్నారు. పాపం, పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదంట. దొనా, నువ్వే చెప్పు తల్లీ ఆయనకి, నీ నోటితో."

అని ఫోను కూతురి చేతిలో పెట్టాడు.